1950ల నాటి అమెరికా వ్యవసాయ ప్రాంతపు స్థలాకృతి పటాన్ని చదివే పద్ధతి

అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ 1879లో ఏర్పడింది. ఇరవయ్యవ శతాబ్దం మధ్యలో, 1947 మొదలుకొని నాలుగున్నర దశాబ్దాల పాటు, ఆ సంస్థ 1:24,000 స్కేలులో గీసిన పటాలు ప్రధాన భూభాగంలోని 48 రాష్ట్రాలనూ ఏ మూలా విడవకుండా చూపిస్తాయి. ఈ శ్రేణిలోని షీట్ల సంఖ్య 55 వేలకు పైమాటే. వీటిలో 1950ల నాటివి, పెద్ద పట్టణమేదీ లేకుండా పొలాలూ వాగులూ మట్టిబాటలూ మాత్రమే ఉన్నవి, పాత కమతాల చరిత్ర వెతికేవారికీ, పూర్వీకుల ఇంటి జాగా తెలుసుకోవాలనుకునేవారికీ, నేల కోతనూ వాగుల మార్పునూ గమనించేవారికీ ఎంతో విలువైన ఆధారాలు.

ఇలాంటి షీటు చేతికి రాగానే చాలామంది తమకు కావలసిన ఇల్లు ఏ నల్ల చుక్కో వెతకడం మొదలుపెడతారు. ఆ పని అన్నిటికంటే చివర చేయవలసినది. పటంలో కనిపించే ప్రతి గీతకూ ఒక తేదీ ఉంటుంది, ఆ తేదీలన్నీ ఒకటే కావు. అందుచేత ముందుగా ఏ సమాచారం ఏ సంవత్సరానిదో తేల్చుకోవాలి. తరువాత నీటినీ వాలునూ చదవాలి, ఆ తరువాత సర్వే గీతలను చదవాలి. ఇళ్ళూ కొట్టాలూ బడులూ ఎందుకు అక్కడే ఉన్నాయో ఆ తరువాతే అర్థమవుతుంది.

సరైన షీటును ఎంచుకోవడం

యూఎస్‌జీఎస్ తన పాత పటాలన్నిటినీ స్కాన్ చేసి, టోపోవ్యూ అనే తన వెబ్‌సైటులో ఉచితంగా అందుబాటులో ఉంచింది. 1884 నుంచి 2006 వరకు ముద్రణ పొందిన లక్షా డెబ్బైవేలకు పైగా పటాలు అందులో ఉన్నాయి. ఊరి పేరు గానీ అక్షాంశ రేఖాంశాలు గానీ ఇస్తే ఆ చోటికి సంబంధించిన షీట్లన్నీ సంవత్సరాల వరుసలో కనిపిస్తాయి. కంప్యూటరులో కొలతలు తీసుకోదలచినవారు స్థాన వివరాలు కూడా ఇమిడి ఉండే జియోటిఫ్ చిత్రరూపంలోను, కేవలం చదవదలచినవారు పీడీఎఫ్ రూపంలోను దింపుకోవడం మంచిది.

అదే కాలానికి చెందిన పటాలు రెండు స్కేళ్ళలో దొరకవచ్చు. అక్షాంశంలోను రేఖాంశంలోను 15 నిమిషాల (ఒక నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) వెడల్పు గల షీట్లు 1:62,500 స్కేలువి, వాటిలో ఒక అంగుళం ఇంచుమించు ఒక మైలు. ఏడున్నర నిమిషాల షీట్లు 1:24,000 స్కేలువి, వాటిలో ఒక అంగుళం సరిగ్గా 2,000 అడుగులు. ఒక్కొక్క కమతాన్ని పరిశీలించడానికి రెండవ రకమే తగినది. 15 నిమిషాల షీటు నిరుపయోగమేమీ కాదు. ఒక వాగు పరీవాహక ప్రాంతం మొత్తాన్ని ఒక్క చూపులో పట్టుకోవడానికి అదే మేలు. రెండూ దొరికితే ముందు చిన్న స్కేలు (15 నిమిషాల) పటంతో ప్రాంతాన్ని పరిచయం చేసుకొని, తరువాత పెద్ద స్కేలు (ఏడున్నర నిమిషాల) పటంలోకి దిగండి.

మీకు కావలసిన పొలం షీటు అంచున పడితే పక్క షీటును కూడా తప్పకుండా తెచ్చుకోండి. పక్క షీట్ల పేర్లు ఈ పటం అంచుల్లోనే ముద్రించి ఉంటాయి. అయితే పక్కపక్క షీట్లు రెండూ ఒకే సంవత్సరంలో తయారై ఉండకపోవచ్చు. ఒక షీటులో స్పష్టంగా ఉన్న బాట అంచు దాటగానే మాయమైతే, బాట అక్కడితో ఆగిపోయిందని అనుకోకుండా రెండు షీట్ల తేదీలనూ పోల్చి చూడండి.

అంచుల్లోని రాతలే మొదటి పాఠం

పటం చుట్టూ ఉన్న తెల్లని అంచు ఆ పటానికి జాతక పత్రం వంటిది. కింది కుడిమూలన షీటు పేరు, దాని కింద ఒక సంవత్సరం ఉంటాయి. చాలామంది ఆ ఒక్క అంకెనే నోట్ చేసుకొని ముందుకు సాగిపోతారు. అసలు సంగతి కింది ఎడమమూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. భూస్వరూపాన్ని ఏ పద్ధతిలో గీశారు, విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలు ఏ సంవత్సరానివి, 'ఫీల్డ్ చెక్డ్' (క్షేత్ర పరిశీలన, అంటే నేలమీద సరిచూడటం) అన్న మాట పక్కన ఏ సంవత్సరం ఉంది అనే మూడు విషయాలను అక్కడ చూడాలి.

ఈ మూడూ ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఆ పటాలు ఎలా తయారయ్యేవో కొంత తెలిసి ఉండాలి. అంతకు ముందటి తరంలో సర్వేయరు ప్లేన్ టేబుల్ బల్లను నేలమీద నిలబెట్టి, కంటికి కనిపించిన మేరకు గుట్టలనూ వాగులనూ అక్కడికక్కడే గీసేవాడు. శతాబ్దం మధ్యనాటికి ఆ స్థానాన్ని విమాన ఛాయాచిత్రాలు ఆక్రమించాయి. కొంత భాగం ఒకదానిపై ఒకటి వచ్చేలా తీసిన రెండు చిత్రాలను కెల్ష్ ప్లాటర్ వంటి యంత్రంలో ఉంచితే, చూసేవారికి నేల ఎత్తుపల్లాలతో సహా నిలబడి కనిపించేది. ఆ ప్రతిబింబం మీదనే సమోన్నత రేఖలను, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలను, గీసేవారు. ఆ తరువాత ఒక బృందం ఆ ప్రాంతమంతా తిరిగి, చిత్రాల్లో తెలియని వాటిని సరిచూసేది. ఇది ఇల్లా కొట్టమా, ఈ వాగుకు పేరేమిటి, ఈ బడి నడుస్తోందా, ఈ బాట మీద వాహనం వెళ్తుందా అన్నవి ఆ పరిశీలనలోనే తేలేవి.

కాబట్టి ఒక పటం మీద ఛాయాచిత్రాల సంవత్సరం 1954 అనీ, క్షేత్ర పరిశీలన సంవత్సరం 1956 అనీ ఉంటే, సమోన్నత రేఖలూ అడవుల అంచులూ ప్రధానంగా 1954 నాటివనీ, పేర్లూ భవనాల రకాలూ బాటల స్థాయీ 1956 నాటివనీ గ్రహించాలి. షీటు పేరు కింద సాధారణంగా ఈ రెండవ సంవత్సరమే ఉంటుంది. ముద్రణ సంవత్సరం ఇంకా తరువాతిది కావచ్చు.

మరొక చిక్కు కూడా ఉంది. తరువాతి దశాబ్దాల్లో ఈ షీట్లలో చాలావాటిని పూర్తిగా తిరిగి గీయకుండా, కొత్త ఛాయాచిత్రాల్లో కనిపించిన మార్పులను మాత్రమే ఊదారంగులో అచ్చువేసి మళ్ళీ విడుదల చేశారు. అటువంటి షీటుపై 'ఫోటోరివైజ్డ్' అనే మాట, దాని పక్కన ఆ సవరణ సంవత్సరం ఉంటాయి. ఊదారంగు సమాచారాన్ని నేలమీద సరిచూడలేదని అంచులోనే ఒప్పుకొని ఉంటారు. నల్లరంగులో ఉన్న ఇల్లు 1956లో ఉందని చెప్పవచ్చు, ఊదారంగులో ఉన్న కుంట ఆ తరువాత తవ్వినదని చెప్పవచ్చు. కానీ నల్లరంగులో మిగిలిపోయిన ఇల్లు సవరణ సంవత్సరంలో కూడా నిలిచి ఉందని గట్టిగా చెప్పలేము. మీ నోటుపుస్తకంలో మొదటి పేజీలోనే ఈ తేదీలను రంగుల వారీగా రాసుకోండి. ఈ ఒక్క అలవాటు తరువాత వచ్చే తప్పుల్లో సగాన్ని ఆపుతుంది.

స్కేలు, దిక్కు, కచ్చితత్వం

స్కాన్ చేసిన పటాన్ని అచ్చు తీసుకునేటప్పుడు 'పేజీకి సరిపడేలా' అన్న ఎంపికను తీసివేసి, నూరు శాతం పరిమాణంలోనే ముద్రించాలి. పటాన్ని పెద్దది చేసినా చిన్నది చేసినా 1:24,000 అనే నిష్పత్తి చెల్లదు, కింద గీసిన స్కేలు గీత మాత్రం పటంతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. అందువల్ల కొలిచే ముందు ఆ గీతను కొలబద్దతో సరిచూడండి. స్కేలు సరిగ్గా ఉన్న పటంపై ఒక మైలు 6.7 సెంటీమీటర్లు ఉండాలి, ఒక చదరపు సెంటీమీటరు నేలమీద 5.76 హెక్టార్లు, అంటే దాదాపు 14.2 ఎకరాలు. వంకర అంచులున్న అడవిముక్క విస్తీర్ణం కావాలంటే, పారదర్శకమైన కాగితంపై మిల్లీమీటరు గడులు గీసి, దాన్ని పటంపై పరిచి గడులు లెక్కపెట్టడం ఇప్పటికీ నమ్మదగిన పద్ధతే.

కింది అంచులో మూడు బాణాలతో ఒక చిన్న బొమ్మ ఉంటుంది. నక్షత్రం గుర్తు ఉన్నది నిజ ఉత్తరం, 'ఎంఎన్' అని రాసినది అయస్కాంత ఉత్తరం, 'జీఎన్' అని రాసినది గ్రిడ్ ఉత్తరం, అంటే పటంపై గీసిన గడుల నిలువు గీతలు చూపే దిక్కు. అయస్కాంత ఉత్తరం కాలంతో పాటు జరుగుతుంది కనుక, 1956 నాటి కోణంతో నేటి దిక్సూచిని సరిచేయకూడదు. పాత దస్తావేజులోని దిక్కులను అర్థం చేసుకోవడానికి మాత్రమే ఆ పాత కోణం పనికివస్తుంది.

అక్షాంశ రేఖాంశాలను లెక్కించడానికి ఆధారంగా తీసుకునే చట్రాన్ని డేటమ్ అంటారు. ఈ కాలపు పటాలు 1927 నాటి ఉత్తర అమెరికా డేటమ్ ఆధారంగా గీసినవి. దాని మూలబిందువు కాన్సస్ రాష్ట్రంలోని మీడ్స్ రాంచ్ అనే చోట ఉంది. నేటి జీపీఎస్ పరికరాలు వేరే డేటమ్‌ను వాడతాయి. రెంటి మధ్య తేడా ప్రాంతాన్ని బట్టి కొన్ని పదుల మీటర్లు ఉంటుంది, పడమటి రాష్ట్రాల్లో వంద మీటర్ల దాకా కూడా వెళ్తుంది. అంటే పటం అంచుల నుంచి తీసిన అక్షాంశ రేఖాంశాలను మార్చకుండా ఫోనులో వేస్తే పొరుగువారి పొలంలో తేలవచ్చు. పరికరం సెట్టింగులలో డేటమ్‌ను 'ఎన్ఏడీ 27'గా మార్చుకోవడం ఇందుకు తేలికైన ఉపాయం.

కచ్చితత్వం విషయంలో 1947లో ఖరారైన జాతీయ ప్రమాణాలను గుర్తుంచుకోవాలి. వాటి ప్రకారం పరీక్షించిన స్పష్టమైన బిందువులలో కనీసం 90 శాతం, పటంపై అంగుళంలో 50వ వంతుకు మించి తప్పకూడదు. 1:24,000 స్కేలులో అది 40 అడుగులు. ఎత్తు విషయంలో 90 శాతం బిందువులలో తప్పు, సమోన్నత రేఖల అంతరంలో (పక్కపక్క రేఖల మధ్య ఎత్తు తేడాలో) సగానికి లోబడి ఉండాలి. కనుక ఈ పటంతో పొలంగట్టు తగాదాను తీర్చబూనడం తగదు. అది ఈ పటం చేయగల పని కాదు.

నీరు, వాలు

ఇప్పుడు మనుషులు కట్టినవాటిని కాసేపు మరచి, నీలం గీతలనూ గోధుమరంగు గీతలనూ మాత్రమే చూడండి. అవసరమైతే పటంపై పలుచని కాగితం పరిచి, వాగులను మాత్రమే పెన్సిలుతో దిద్దండి. తెగకుండా గీసిన నీలం గీత ఏడాది పొడవునా పారే ఏరు. మధ్యమధ్య మూడేసి చుక్కలతో తెగుతూ వెళ్ళే గీత వానాకాలంలోనో మంచు కరిగినప్పుడో మాత్రమే పారే వాగు. సన్నని గడ్డిదుబ్బుల్లాంటి నీలి గుర్తులు చిత్తడి నేలను తెలుపుతాయి. వాగు ఒక్కసారిగా కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా మారితే, అక్కడ దాన్ని మనుషులు తవ్వి మలిచారని అర్థం. సమతలంగా ఉండే మొక్కజొన్న ప్రాంతాల్లో ఇటువంటి తిన్నని మురుగు కాలువలు ఎంత నేలను చిత్తడి నుంచి సాగులోకి తెచ్చారో చెబుతాయి. అయితే పొలాల కింద పూడ్చిన మట్టి గొట్టాలు పటంలో కనిపించవు. అయోవా ఉత్తర మధ్య ప్రాంతం వంటి చోట్ల అసలు నీటి పారుదలలో ఎక్కువ భాగం భూమి కిందే జరుగుతుంది కనుక, అక్కడి పటంలో నీలం తక్కువగా ఉన్నంత మాత్రాన నేల సహజంగా ఆరినదని అనుకోకూడదు.

చిన్న కుంటలను ప్రత్యేకంగా గమనించండి. వాగుకు అడ్డంగా ఒక పొట్టి గీత, దానికి ఎగువన త్రికోణం లాంటి నీలిముక్క కనిపిస్తే అది కట్ట వేసి నిలిపిన కుంట. 1935లో నేల సంరక్షణ సంస్థ ఏర్పడిన తరువాత పశువుల నీటికీ కోత నివారణకూ ఇటువంటివి చాలాచోట్ల తవ్వారు. అందువల్ల అదే ప్రాంతపు పాత షీటులో లేని కుంట 1950ల షీటులో ఉంటే, ఆ రెండు తేదీల మధ్య ఆ కమతంలో ఏదో మార్పు జరిగిందన్నమాట.

సమోన్నత రేఖల దగ్గర ముందుగా అంతరం ఎంతో చూడాలి. అది కింది అంచు మధ్యలో ఉంటుంది. చదునైన ప్రాంతాల్లో 5 లేదా 10 అడుగులు, కొండల్లో 20 లేదా 40 అడుగులు ఉండటం సాధారణం. ప్రతి అయిదవ రేఖా సాధారణంగా లావుగా ఉండి, దానిమీద ఎత్తు అంకె ఉంటుంది. రేఖలు వాగును దాటే చోట కోణాకారంగా వంగుతాయి, ఆ కోణపు మొన ఎప్పుడూ ఎగువకే చూస్తుంది. బాణం కొన పల్లానికి పోతుందనే సహజ భావన ఇక్కడ పనికిరాదు. కొత్తగా నేర్చుకునేవారు ఇది పూర్తిగా పట్టుబడే వరకు పది వాగులనైనా ఓపికగా చూసుకోవాలి.

వాలును అంకెల్లోకి మార్చడం కష్టం కాదు. అంతరం 10 అడుగులు ఉన్న షీటులో రెండు రేఖల మధ్య దూరం 5 మిల్లీమీటర్లయితే, నేలమీద అది 120 మీటర్లు, అంటే దాదాపు 394 అడుగులు. 394 అడుగుల దూరంలో 10 అడుగులు దిగుతుంది కనుక వాలు రెండున్నర శాతం. అదే రేఖల మధ్య ఒక మిల్లీమీటరే ఉంటే వాలు 12.7 శాతానికి చేరుతుంది. మొదటిది ఏ పంటకైనా పనికివచ్చే నేల. రెండవదానిపై నిలువునా దున్నితే పైమట్టి కొట్టుకుపోతుంది. ఆ కాలపు రైతు దాన్ని పచ్చికకో అడవికో వదిలేసి ఉండటమే ఎక్కువ సంభవం. మీరు చూస్తున్న పొలంలో ఇటువంటి రెండు మూడు చోట్ల వాలును లెక్కించి పటంపైనే పెన్సిలుతో రాసుకుంటే, తరువాత అడవి అంచు అక్కడే ఎందుకు ఆగిందో దానంతట అదే బోధపడుతుంది.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. 10 అడుగుల అంతరం గల పటంలో రెండు మూడు అడుగుల లోతు పల్లం కనిపించనే కనిపించదు. వర్షం పడినప్పుడు పొలంలో నీరు ఎక్కడ నిలుస్తుందో ఈ పటం నుంచి చెప్పబోవడం సాహసమే. మూసుకుపోయిన పల్లాలకు లోపలివైపు చిన్న గాట్లున్న రేఖలను వాడతారు. అవి ఉంటే చూడండి, లేనంత మాత్రాన పల్లం లేదని తీర్మానించకండి.

ఎర్ర గీతల చట్రం

దేశంలోని మధ్య, పడమటి రాష్ట్రాల పొలాలను అర్థం చేసుకోవాలంటే 1785 నాటి భూమి శాసనంతో మొదలైన సర్వే పద్ధతి తెలియాలి. దాని ప్రకారం నేలను ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల టౌన్‌షిప్పులుగా, ఒక్కో టౌన్‌షిప్పును 36 సెక్షన్లుగా విభజించారు. ఒక సెక్షన్ ఒక చదరపు మైలు, 640 ఎకరాలు. దానిలో పావు భాగం 160 ఎకరాలు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద స్థిరపడే కుటుంబానికి ఇచ్చే గరిష్ఠ పరిమాణం అదే. ఆ పావులో పావు 40 ఎకరాలు. మన పటంపై 40 ఎకరాల చదరం ఒక్కో వైపు సుమారు 1.7 సెంటీమీటర్లు ఉంటుంది. ఈ కొలతను గట్టి కాగితంపై కత్తిరించి చేతిలో ఉంచుకుంటే, ఏ పొలం పరిమాణాన్నయినా చూడగానే అంచనా వేయవచ్చు.

సెక్షన్ల గీతలూ అంకెలూ పటంపై ఎర్రరంగులో ఉంటాయి. లెక్క ఈశాన్య మూలన 1తో మొదలై పడమరగా 6 వరకు వెళ్తుంది. 7 సరిగ్గా 6 కింద మొదలై ఈసారి తూర్పుగా 12 వరకు వస్తుంది. నాగలి ఒక చాలు చివర తిరిగి వెనక్కి వచ్చినట్టుగా ఇలా అటూ ఇటూ తిరుగుతూ ఆగ్నేయ మూలన 36తో ముగుస్తుంది. టౌన్‌షిప్పు ఉత్తర దక్షిణాలుగా ఎన్నవదో చెప్పే టౌన్‌షిప్ సంఖ్య పటానికి కుడి ఎడమ అంచుల్లోను, తూర్పు పడమరలుగా ఎన్నవదో చెప్పే రేంజ్ సంఖ్య పైన కింద అంచుల్లోను ఉంటాయి. సాధారణంగా 16వ సెక్షన్‌ను బడుల నిర్వహణ కోసం కేటాయించేవారు. బడి భవనం తప్పకుండా అందులోనే ఉంటుందని దీని అర్థం కాదు. ఆ నేల అమ్మకమో కౌలో బడులకు చెందాలన్నదే అసలు ఉద్దేశం.

పాత దస్తావేజులోని వర్ణనను పటంపై గుర్తించేటప్పుడు చివరి నుంచి మొదటికి చదవండి. 'సెక్షన్ 22లోని ఈశాన్య పావులో నైరుతి పావు' అన్న అర్థం వచ్చే ఆంగ్ల వర్ణనలో ముందు నైరుతి, తరువాత ఈశాన్యం, చివర సెక్షన్ సంఖ్య వస్తాయి. ముందు సెక్షన్ 22ను పట్టుకొని, దానిలో ఈశాన్య పావును గుర్తించి, అప్పుడు అందులో నైరుతి మూలకు వెళ్ళాలి. ముందు నుంచి చదివినవారు ఎదురు మూలన ఉన్న వేరొకరి 40 ఎకరాలను తమదిగా భావించే ప్రమాదం ఉంది.

సెక్షన్లు అన్నీ సరిసమానంగా ఉండవు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. ఆ తేడానూ కొలతల పొరపాట్లనూ టౌన్‌షిప్‌లో ఉత్తరపు వరుస, పడమటి వరుస సెక్షన్లలోకి తోసేవారు. సాధారణంగా ప్రతి 24 మైళ్ళకూ ఒక సవరణ రేఖ నుంచి కొలతను కొత్తగా మొదలుపెట్టేవారు. తిన్నగా ఉత్తరానికి పోతున్న బాట ఏ వాగూ గుట్టా అడ్డం లేకుండానే హఠాత్తుగా పక్కకు కొంత దూరం మళ్ళి తిరిగి ఉత్తరానికి పోతుంటే, అది అటువంటి సవరణ రేఖ కావచ్చు. ఒక్క పటం చూస్తూ భూమి వంపును కంటితో పట్టుకోగలగడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యాన్నే కలిగిస్తుంది.

ఎర్ర గీత తెగకుండా ఉందా, తునకలుగా ఉందా అన్నది కూడా చూడండి. తునకల గీత అంటే దాని స్థానం సుమారైనదని. తొలి 13 రాష్ట్రాల్లోను, కెంటకీ, టెనెసీ, టెక్సస్‌లలోను ఈ పద్ధతి అసలే లేదు. అక్కడి పొలాల హద్దులు చెట్లూ రాళ్ళూ వాగుల ఆధారంగా వర్ణించినవి కనుక, వాటిని ఈ పటంలో వెతకడం వృథా శ్రమ.

ఇప్పుడు వాలునూ చట్రాన్నీ కలిపి చూడండి. అయోవా సమతలంలో బాటలు సెక్షన్ గీతల మీదే మైలుకొకటి చొప్పున సాగుతాయి. విస్కాన్సిన్ నైరుతిలోని డ్రిఫ్ట్‌లెస్ అనే కొండలోయల ప్రాంతంలో ఎర్ర గీతలు కొండనూ లోయనూ లక్ష్యపెట్టకుండా తిన్నగా పోతుంటే, బాటలు వాటిని వదిలేసి మిట్టల వెన్ను మీదుగానో లోయ అడుగునో మెలికలు తిరుగుతాయి. 1933లో నేల కోత నివారణకు దేశంలో మొట్టమొదటి పరీవాహక ప్రాంత ప్రదర్శన పథకాన్ని అక్కడి కూన్ క్రీక్ లోయలో చేపట్టారు. ఎందుకు అక్కడే చేపట్టవలసి వచ్చిందో ఆ ప్రాంతపు సమోన్నత రేఖలు ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయో చూస్తే తెలిసిపోతుంది. చదరపు హద్దుల్లో ఇమిడించిన పొలాన్ని నిటారు వాలుపై నిలువునా దున్నిన ఫలితమే అక్కడి నేల కోత.

తెలుపు, ఆకుపచ్చ

వ్యవసాయ ప్రాంతపు షీటులో ఎక్కువ భాగం తెల్లగా ఉంటుంది. తెలుపు అంటే ఖాళీ నేల అని కాదు, అడవి లేని నేల అని మాత్రమే. దున్నిన చేను, పశుగ్రాసం, పచ్చిక, బీడు అన్నీ తెల్లగానే ఉంటాయి. ఏ పంట వేశారో ఈ పటం చెప్పదు. ఆకుపచ్చ రంగు అడవికి. క్రమమైన వరుసల్లో ఆకుపచ్చ చుక్కలుంటే అది పండ్లతోట, మరింత సన్నని క్రమమైన గుర్తులుంటే ద్రాక్షతోట. ఉత్తర డకోటా నుంచి టెక్సస్ వరకు మైదానాల్లో పొలాల అంచున సన్నని ఆకుపచ్చ పట్టీ కనిపిస్తే, అది 1934, 1942 మధ్య గాలి తాకిడిని ఆపేందుకు నాటిన చెట్ల వరుస కావచ్చు.

ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. ఆ రోజుల్లో ఇవే షీట్లను ఆకుపచ్చ రంగు అచ్చువేయకుండా కూడా అమ్మేవారు. మీ చేతిలోని షీటులో ఎక్కడా ఆకుపచ్చ లేకపోతే, అడవులన్నీ నరికేశారని నిర్ణయానికి రాకముందు అదే షీటు మరొక ప్రతిని చూడండి.

ఇళ్ళు, కొట్టాలు, బాటలు

ఇంతదూరం వచ్చిన తరువాత నల్ల గుర్తుల దగ్గరకు వెళ్ళండి. నిండుగా నలుపు పూసిన చిన్న చదరం మనుషులు నివసించే ఇల్లో పనిచేసే చోటో. లోపల ఖాళీగానో గీతలతోనో ఉన్నది పశువుల కొట్టం, ధాన్యపు గాదె వంటిది. ఒక నల్ల చదరం, దాని పక్కన రెండు మూడు ఖాళీ చదరాలు, బాట నుంచి వాటి దాకా ఒక సన్నని దారి కలిస్తే ఒక పూర్తి రైతు కుటుంబపు నివాసం. నల్ల చదరం లేకుండా ఖాళీ చదరాలే మిగిలి ఉంటే, ఇంట్లో మనుషులు వెళ్ళిపోయి కొట్టాలను పొరుగు రైతు వాడుకుంటూ ఉండవచ్చు. కమతాలు పెద్దవై కుటుంబాల సంఖ్య తగ్గుతున్న కాలం అది కనుక ఈ సూచనను తేలికగా తీసుకోకండి, అలాగని ఒక్క గుర్తు మీదనే కథ అల్లకండి.

గుర్తు పరిమాణాన్ని ఇంటి పరిమాణంగా భావించకూడదు. అర మిల్లీమీటరు చదరం నేలమీద 12 మీటర్లవుతుంది, చాలా ఇళ్ళు అంతకన్నా చిన్నవి. బాటకు మరీ దగ్గరగా ఉన్న ఇంటి గుర్తును, బాట గీతతో కలిసిపోకుండా కొంచెం జరిపి ఉండవచ్చు కూడా. పట్టణాల్లో గులాబీ రంగు పూసిన చోట ముఖ్యమైన భవనాలను మాత్రమే చూపిస్తారు.

జెండా గుర్తున్న భవనం బడి, శిలువ గుర్తున్నది చర్చి, తునకల గీతతో చుట్టిన చిన్న ముక్కలో శిలువ ఉంటే శ్మశానం. ఒకే గది బడులు మూతపడి పెద్ద బడుల్లో కలిసిపోతున్న కాలం కావడం చేత, ఒక షీటులో జెండాతో ఉన్న భవనం తరువాతి షీటులో మామూలు ఇల్లుగా మారడం తరచుగా చూస్తాము. శ్మశానాలు అంత సులువుగా చెదరవు. ఊరు మాయమైనా శ్మశానమూ దాని పేరూ నిలిచి ఉంటాయి కనుక, వెతుకులాటలో దాన్నే స్థిరమైన ఆనవాలుగా పెట్టుకోవడం మంచిది.

బాటల స్థాయి కింది కుడి భాగంలోని గుర్తుల పట్టికలో ఉంటుంది. ఎర్రరంగు పూసినవి పెద్ద రహదారులు, రెండు నల్ల గీతలవి తేలికపాటి రోడ్లు, రెండు తునకల గీతలవి బాగుచేయని మట్టిబాటలు, ఒకే తునకల గీత కాలిబాట. అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చినది 1956లో కనుక, అంతకు ముందటి షీటులో నేటి పెద్ద రహదారి కనిపించకపోవడం సహజం. ఆ రహదారి కిందికి వెళ్ళిపోయిన పొలాలనూ ఇళ్ళనూ చూడగల చోటు ఇదే.

ఇతర ఆధారాలతో సరిపోల్చడం

ఈ పటంలో భూయజమానుల పేర్లు ఉండవు. అందుకోసం అదే కౌంటీకి (మన జిల్లా వంటి విభాగానికి) చెందిన, అదే కాలపు ప్లాట్ పుస్తకాన్ని చూడాలి. అందులో సెక్షన్ల వారీగా యజమానుల పేర్లు ఉంటాయి కనుక, పటాన్నీ ఆ పుస్తకాన్నీ కలిపే తాళంచెవి సెక్షన్ సంఖ్యే. తొలి సర్వేయర్లు గీసిన మూల పటాలు ప్రస్తుతం భూ నిర్వహణ సంస్థ బీఎల్ఎమ్ ఆధీనంలో ఉన్నాయి. పంటల తీరు కావాలంటే వ్యవసాయ శాఖ 1930ల నుంచి తీయించిన విమాన ఛాయాచిత్రాలను, నేల రకం కావాలంటే కౌంటీ నేల సర్వే పటాలను పక్కన ఉంచుకోవాలి.

పోల్చేటప్పుడు అన్నిటికన్నా ముందు రెండు పటాల్లోనూ కదలని బిందువులను మూడింటినైనా ఎంచుకోండి. సెక్షన్ మూలల్లోని బాటల కూడలులు, శ్మశానం, రైలుమార్గం వంతెన వంటివి ఇందుకు తగినవి. వాగు మలుపు తగదు, వాగులు జరుగుతాయి. ఆ మూడూ సరిపోలిన తరువాతే మిగతా తేడాలను ఒక్కొక్కటిగా రాసుకోండి. ప్రతి తేడా పక్కనా అది ఏ రెండు తేదీల మధ్య జరిగిందో, ఆ తేదీలు ఛాయాచిత్రానివా క్షేత్ర పరిశీలనవా అన్నది కూడా రాయండి. '1954 ఛాయాచిత్రం నాటికి అడవి ఉంది, 1971 ఊదారంగు సవరణ నాటికి లేదు' అన్న వాక్యం, 'అడవిని 1960లలో నరికారు' అన్న వాక్యం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

చివరిగా నేలమీదకు వెళ్ళి చూడదలిస్తే, ముందుగా ప్రస్తుత యజమాని అనుమతి తీసుకోండి. పటంలో ఇల్లున్న చోట ఇప్పుడు మొక్కజొన్న చేను ఉండవచ్చు. అయినా చేను మధ్య దున్నకుండా వదిలిన నాలుగు ముసలి చెట్లో, నోరు మూసిన బావి గట్టో, బాట నుంచి లోపలికి మళ్ళే చోట మిగిలిన కల్వర్టు గొట్టమో కనిపించే అవకాశం ఉంది. వాటి దూరాన్ని దగ్గరలోని సెక్షన్ మూల నుంచి అడుగులతో కొలిచి, పటంపై ఉన్న నల్ల చదరం దూరంతో సరిచూసి, ఆ తేడాను కూడా తేదీతో సహా పటం అంచున రాసి ఉంచండి.